పెద్ద పిల్లను సంతకి తోలి, మిగిలినదాన్ని పొట్టేలు చేస్తున్నాం: గొర్రెలు, గేదెల జాతి బాగుపడాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నల్లగొండ జిల్లాలో 40 గొర్రెలు, నాలుగు గ్రేడెడ్ ముర్రా (ముర్రా దున్నలతో మెరుగుపరచిన) గేదెలు, బోరు కింద రెండెకరాలు ఉన్నాయి. గొర్రెపిల్లలు ఏటికేడు చిన్నవిగా పుడుతున్నాయి, గేదెలు ఈనిన ఏడెనిమిది నెలల దాకా చూడి కట్టడం లేదు. ఉన్నవన్నీ అమ్మేసి డార్పర్ పొట్టేలో, నారి సువర్ణ గొర్రెలో, హర్యానా గేదెలో తెస్తే ఎలా ఉంటుంది, ఎత్తు మీద పలకల షెడ్డు కూడా వేయమంటారా అని అడిగారు.

ఈ ఏడాది ఏమీ కొనకండి. పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, ఇప్పుడు నాకూ చిన్న మంద ఉంది కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్తున్నా. మీ మంద ఎందుకు చిన్నదవుతోందో, మీ గేదె ఎందుకు కట్టడం లేదో తెలుసుకోకుండా లక్షన్నర పెట్టి తెచ్చిన గేదె కూడా మీ కొట్టంలోకి వచ్చిన రెండో ఈతకి ఇప్పుడున్న గేదెలాగే తయారవుతుంది. పశువు మారుతుంది, మేపేవాళ్ళం మనమేగా.

ముందు గొర్రెల సంగతి. 2019 పశుగణనలో తెలంగాణలో గొర్రెలు సుమారు 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్లు. దేశం మొత్తం మీద 7.42 కోట్లంటే దాదాపు సగం మన దగ్గరే ఉన్నాయి. ఇంత సంపద ఉండి కూడా మందల్లో మంచి పొట్టేలు కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. ఎందుకంటే, మీ ఇంట్లో ఏం జరుగుతోందో చూడండి. పిల్లలకు నాలుగైదు నెలలు రాగానే దళారి వస్తాడు. మందలోకి దిగి అన్నిటికంటే బాగా ఎదిగిన పోతు పిల్లలను చూపించి ఇవి ఇయ్యి అంటాడు, మనకీ ఆ రోజు డబ్బు అవసరం ఉంటుంది, ఇచ్చేస్తాం. బక్రీద్ ముందు, దసరా ముందు మరీను. ఆలస్యంగా పుట్టింది, తల్లికి పాలు చాలనిది, ఎవడూ అడగనిది మందలో మిగిలిపోతుంది. ఏడాది తిరిగేసరికి అదే పొట్టేలు. వచ్చే ఏడు పుట్టే పిల్లలన్నిటికీ తండ్రి అదే. జొన్న కంకుల్లో మంచివి ఏరి విత్తనానికి పక్కన పెట్టే రైతు, పొట్టేలు దగ్గరికొచ్చేసరికి మంచిది అమ్మి తాలు మిగుల్చుకుంటున్నాడు.

దీనికి తోడు ఒకే పొట్టేలు నాలుగైదేళ్ళు ఉంటుంది. ఆడ గొర్రెపిల్ల ఏడాదిన్నర లోపే ఎదకొస్తుంది, అంటే మూడో ఏడు నుంచి ఆ పొట్టేలు తన కూతుళ్ళనే కడుతోంది. పిల్లలు బలహీనంగా పుట్టడం, చూడి నిలవకపోవడం, పుట్టిన వారంలో చనిపోవడం ఇవన్నీ దాని వల్ల కూడా పెరుగుతాయి. మీరు ఇప్పుడున్న పొట్టేలు ఎన్నేళ్ళ నుంచి ఉందో రాయలేదు. రెండేళ్ళు దాటి ఉంటే మొదట చేయాల్సిన పని దాన్ని అమ్మడమే.

గొర్రె ఒక్కోటి ఏడాదికి ఒక పిల్లనో, మహా అయితే రెండో ఇస్తుంది. పొట్టేలు పాతిక ముప్పై గొర్రెలకు తండ్రి అవుతుంది, మీ 40కి రెండు చాలు. మందలో వచ్చే తరానికి సగం రక్తం ఆ రెండిటిదే. 40 గొర్రెల్ని మార్చడానికి పెట్టే డబ్బులో పదో వంతు పొట్టేళ్ళ మీద పెడితే ఎక్కువ ఫలితం వస్తుంది, అసలు డబ్బు పెట్టకుండా మీ మందలోంచే మొదలుపెట్టొచ్చు.

ఎలాగంటే, ఒక వేలాడే తూకం కొనండి, గోనెసంచితో జోలె కుట్టండి, చెవికి నంబరు పోగులు వేయండి. పుట్టిన రోజు బరువు, 90 రోజుల చుట్టుపక్కల ఒక బరువు, ఆరు నెలలకు ఒక బరువు, అంతే. నోటుబుక్కులో పిల్ల నంబరు, తల్లి నంబరు, పుట్టిన తేదీ, ఒంటరా కవలా అని రాయండి. కంటితో చూసి ఎంచుకుంటే ఎప్పుడూ ముందు పుట్టినదే పెద్దగా కనిపిస్తుంది, అక్కడే మోసపోతాం.

ఉదాహరణ చెప్తా. ఒక పిల్ల 3 కిలోలు పుట్టింది, 100వ రోజు తూకం వేస్తే 15 కిలోలు. ఇంకోటి 2.6 కిలోలు పుట్టింది, అదే రోజు తూకం వేస్తే 12.6 కిలోలే, కానీ దాని వయసు 75 రోజులు. దళారి మొదటిదాన్నే పట్టుకుంటాడు, మీరూ అదే మంచిదనుకుంటారు. లెక్క వేయండి: మొదటిది 100 రోజుల్లో 12 కిలోలు పెరిగింది, 90 రోజులకు లెక్కిస్తే 10.8, పుట్టిన బరువు కలిపితే 13.8. రెండోది 75 రోజుల్లో 10 కిలోలు పెరిగింది, 90 రోజులకు 12, పుట్టిన బరువు కలిపితే 14.6. చిన్నగా కనిపించిందే మెరుగు. అది కవల పిల్ల కూడా అయి ఉంటే, సగం పాలే తాగి అంత పెరిగిందంటే, దాన్ని అమ్మనే కూడదు.

ఇలా వచ్చిన పోతు పిల్లల్లో పైన నిలిచిన మూడింటిని ఆరు నెలల దాకా ఆపండి. అప్పుడు కాళ్ళు చూడండి, కింది దవడ పైదానికి సరిగ్గా కూర్చుంటోందా చూడండి, వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా ఉన్నాయా చేత్తో పట్టి చూడండి. ఒక్క వృషణమే దిగినదాన్ని ఎంత అందంగా ఉన్నా పెంచొద్దు. తల్లిని కూడా చూడండి, ఏటా పిల్లను బతికించుకునే తల్లి కొడుకు కావాలి. నెల్లూరు జుడిపి రకం గొర్రె అని మూతి చుట్టూ, కళ్ళ చుట్టూ నల్ల మచ్చలు సరిగ్గా ఉన్నాయో లేవో చూసి వేలకు వేలు ఎక్కువ పెడుతున్నారు ఈ మధ్య. మచ్చలకు మాంసం బరువుతో సంబంధం లేదు, అది ముచ్చటే. ముచ్చట పడొద్దనను, కానీ ధర కట్టేది తూకానికి కట్టండి.

మీ మందలో పుట్టిన మంచి పొట్టేలును మీ మందలోనే వాడితే మళ్ళీ చుట్టరికం వస్తుంది కదా అంటారు. నిజమే. అందుకే మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఐదారుగురు కాపర్లు కలిసి పొట్టేళ్ళు మార్చుకోవాలి. మీ పొట్టేలు రెండో ఆయనకి, ఆయనది మూడో ఆయనకి, చివరాయనది మీకు. రెండేళ్ళకు ఒకసారి అదే వరసలో తిప్పితే పదేళ్ళ దాకా మళ్ళీ మీ రక్తం మీ దగ్గరికి రాదు. డబ్బు ఖర్చు లేదు, కావాల్సింది నమ్మకం ఒక్కటే. ఒక్కడు బరువులు రాయకుండా మిగిలినది తోలాడంటే మొత్తం చెడుతుంది, కాబట్టి బుక్కు చూపించిన వాడితోనే కలవండి. మార్చుకునే ముందు డాక్టరుతో రక్తపరీక్ష చేయించండి, ఈసుడు రోగం (బ్రూసెల్లోసిస్) పొట్టేలుతో కూడా వస్తుంది.

ఇక డార్పర్. అది 1930ల్లో దక్షిణాఫ్రికాలో డోర్సెట్ హార్న్, బ్లాక్‌హెడ్ పర్షియన్ గొర్రెల్ని కలిపి తయారుచేసుకున్న జాతి. వాళ్ళ పొడి నేలలకు, వాళ్ళ మాంసం మార్కెట్‌కి సరిపోయింది. మన దగ్గర ఆ పేరుతో అమ్మేవాటిలో ఎన్నో తరం సంకరమో అమ్మేవాడికే తెలియని పరిస్థితి. వీడియోలో చూసి, కాగితం లేకుండా, ఆ ధర పెట్టి కొనకండి. అంత ధరకి కొన్నవాడు పిల్లల్ని మాంసానికి అమ్మి గిట్టించుకోలేడు, ఇంకొకడికి జాతి పేరుతోనే అమ్మాలి. ఆ గొలుసు ఎక్కడో తెగుతుంది, తెగినచోట ఉన్నవాడు మునుగుతాడు. ఇలాగే ఒకరికొకరు అమ్ముకుంటూ పోయి చివరికి రైతుల్ని ముంచిన ఈము పక్షులు గుర్తున్నవాళ్ళకి ఇంకా చెప్పక్కర్లేదు.

నారి సువర్ణ సంగతి వేరు, అది నిజమైన పని. మహారాష్ట్ర ఫల్టన్‌లోని నింబ్కర్ సంస్థ వాళ్ళు సుందర్‌బన్స్‌లోని గారోల్ గొర్రెలో ఉన్న ఫెక్‌బి అనే జన్యువును దక్కనీ గొర్రెలోకి తెచ్చారు. ఆ జన్యువు ఉంటే కవలలు ఎక్కువ. చిత్రమేంటంటే ఇదే జన్యువు ముందు ఆస్ట్రేలియాలోని బూరూలా మెరినో అనే గొర్రెలో బయటపడింది, తీరా తవ్వి చూస్తే 18వ శతాబ్దం చివర్లో కలకత్తా నుంచి ఓడల్లో వెళ్ళిన బెంగాల్ గొర్రెల నుంచి వచ్చిందని తేలింది. మన సొమ్మే చుట్టు తిరిగింది. కానీ మీకు సరిపోతుందా అంటే, ఇప్పుడైతే కాదు. ఇద్దరు పిల్లల్ని కన్న గొర్రెకి ఇద్దరికి సరిపడా పాలుండాలి, దానికి దాణా కావాలి, పుట్టిన మొదటి మూడు రోజులు మనిషి దగ్గరుండాలి. పొద్దున పది కిలోమీటర్లు తిరిగి రాత్రికి పొలంలో మంద పెట్టుకునే పద్ధతిలో రెండో పిల్ల చచ్చిపోతుంది, తల్లి చిక్కిపోతుంది. ముందు ఇప్పుడు పుట్టే పిల్లల్ని నూటికి తొంభై అయిదు బతికించండి, అప్పుడు కవలల గురించి మాట్లాడుకుందాం.

పిల్లల్ని బతికించడం అంటే సగం, అవి ఎప్పుడు పుట్టాలో మనం నిర్ణయించడమే. పొట్టేలు ఏడాదంతా మందలో తిరిగితే పిల్లలు ఏడాదంతా పుడతాయి. ఏప్రిల్, మే ఎండల్లో పుట్టినవి, తల్లికి గడ్డి లేక, పాలు లేక పోతాయి. గొర్రె చూడి సుమారు 150 రోజులు. జూన్, జూలైలో వానకి గడ్డి మొలిచాక కట్టిస్తే నవంబరు, డిసెంబరులో ఈనుతాయి, అప్పటికి చేలు కోసి బీళ్ళలో మేత ఉంటుంది. మిగతా కాలంలో పొట్టేళ్ళను వేరే కట్టేయండి, కుదరకపోతే పొట్ట కింద గోనెపట్టా కట్టి మందలో వదలండి, అది ఎక్కినా పని జరగదు. కట్టించడానికి రెండు మూడు వారాల ముందు నుంచి గొర్రెకి రోజూ 200 గ్రాముల దాణా పెట్టండి, మొక్కజొన్న నూక, తవుడు, చెక్క ఏదైనా సరే. ఆ కొద్ది దాణాకే ఎదకొచ్చేవి పెరుగుతాయి, అక్కడక్కడా కవలలూ వస్తాయి. పొట్టేలు రొమ్ముకి నూనెలో కలిపిన ఎర్రమట్టి పూస్తే అది ఎక్కిన గొర్రె నడుం మీద రంగు పడుతుంది. 17 రోజులకి రంగు మార్చండి. ఎరుపు మీద మళ్ళీ నీలం పడిందంటే మొదటిసారి నిలవలేదని అర్థం. సగానికి పైగా గొర్రెలకు రెండు రంగులు పడ్డాయంటే తప్పు పొట్టేలుది, వెంటనే మార్చేయండి, సీజను పోగొట్టుకోకండి.

రోగాల గురించి పెద్దగా చెప్పను, మీ ఊరి డాక్టరు చెప్తారు, కానీ తేదీలు మాత్రం గోడ మీద రాసుకోండి. చిటుక రోగం (ఎంటరోటాక్సీమియా) టీకా వానలకు ముందే, మే నెలలో పడాలి, మొదటిసారి వేస్తుంటే రెండు వారాలకు బూస్టరు. తొలకరికి లేత గడ్డి ఆబగా తినే బలమైన పిల్లలే ముందు పోతాయి దాంట్లో, అంటే మీరు పొట్టేలుకని ఆపుకున్నదే పోతుంది. పారుడు రోగం (పీపీఆర్) టీకా ఒకసారి వేస్తే మూడేళ్ళు. నీలి నాలుక రోగం చిన్న దోమల వల్ల వస్తుంది, వానలు ఎక్కువ పడ్డ ఏడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర విరుచుకుపడుతుంది, కాబట్టి ఆ టీకా ఆగస్టుకల్లా అయిపోవాలి. నట్టల మందు (కడుపులో పురుగుల మందు) మాత్రం మూడు నెలలకోసారి అన్నిటికీ కళ్ళు మూసుకుని పోయొద్దు. కింది కనురెప్ప తిప్పి చూడండి. ఎర్రగా ఉంటే వదిలేయండి, పాలిపోయి తెల్లగా ఉంటే, దవడ కింద నీరు దిగితే పోయండి. అన్నిటికీ ఒకే మందు పోసి పోసి మందు పనిచేయని పురుగుల్ని మనమే పెంచాం. ఇంకో లాభం ఉంది, ఏ గొర్రెకి పదేపదే మందు పోయాల్సి వస్తోందో బుక్కులో తెలుస్తుంది, దాన్ని తీసేయొచ్చు. పురుగుల్ని తట్టుకోవడం కూడా తల్లి నుంచి పిల్లకు వచ్చే గుణమే. చెరువు శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో మేపేవాళ్ళకు కార్జపు జలగల బెడద వేరే ఉంటుంది, దానికి మందు వేరు, పేడ పరీక్ష చేయించి అడగండి.

ఇప్పుడు గేదెలు. ఇక్కడ మాత్రం కాస్త ఓపిగ్గా లెక్క చూడండి, మీ టెన్షన్ అంతా దీని మీదే ఉన్నట్టుంది.

మీ గేదె ఒక ఈతకి 1800 లీటర్లు ఇస్తుందనుకుందాం. 14 నెలలకోసారి ఈనితే ఏడాదికి సగటున 1540 లీటర్ల పైచిలుకు. మీ దగ్గర ఇప్పుడు జరుగుతున్నట్టు 18 నెలలకోసారి ఈనితే ఏడాదికి 1200. తేడా 340 లీటర్లు, లీటరు 60 అనుకుంటే గేదెకి ఏడాదికి 20 వేలు, నాలుగు గేదెలకి 80 వేలు, అదీ అదే గేదె, అదే కొట్టం. ఇప్పుడు ఈతకి 2200 లీటర్లిచ్చే హర్యానా గేదెను తెచ్చారనుకోండి, మీ పద్ధతి మారక అదీ 18 నెలలకే ఈనింది. ఏడాదికి 1467 లీటర్లు. లక్షన్నర పోసి కొన్నది, 14 నెలలకి ఈనే మీ పాత గేదె కంటే తక్కువ. దీనిమీద మళ్ళీ వట్టిపోయిన నెలల మేత ఖర్చు నేను కలపనే లేదు.

పాలిచ్చే గుణం వంశపారంపర్యంగా కొంత బాగానే వస్తుంది, సుమారు నాలుగో వంతు. ఎదకు రావడం, కట్టు నిలవడం లాంటివి వంశం కంటే మేత, కనిపెట్టి చూడటం మీదే ఎక్కువ ఆధారపడతాయి. అందుకే కట్టు నిలవని సమస్యకి జాతి మార్చడం మందు కాదంటున్నా.

గేదెకి మూగ ఎద ఎక్కువ. ఆవులాగా అల్లరి చేయదు. ఎండాకాలం ఎద చాలా తక్కువగా కనిపిస్తుంది, సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగా వస్తుంది, అదీ రాత్రి పూట, తెల్లవారుజామున. మీరు పగలు పొలంలో ఉండి ఎదకు రావడం లేదు అంటే ఎలా? రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లారుజామున ఐదింటికి ఒకసారి టార్చి లైటు తీసుకుని కొట్టంలోకి వెళ్ళండి. పడుకున్న గేదె వెనక నేల మీద తీగలా సాగే జిగురు ఉందా, మాటిమాటికీ కొంచెం కొంచెం మూత్రం పోస్తోందా, తోక ఎత్తి పెట్టుకుందా, ఆ పూట పాలు తగ్గాయా, చూడండి. ఉదయం కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు ఉదయం సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి. ఈనిన 60 రోజుల తర్వాత వచ్చే మొదటి ఎద నుంచే వేయించండి. పాలు తగ్గిపోతాయని ఆరు నెలలు ఆపేవాళ్ళున్నారు, ఆ ఆపిన నెలలే పైన లెక్కలో పోయిన 80 వేలు.

సూది వేసే గోపాలమిత్రకి కోపం వచ్చినా సరే, ఆ వీర్యం స్ట్రా, అంటే వీర్యం నింపిన సన్నని గొట్టం, చేతికి తీసుకుని చూడండి. దాని మీద జాతి, దున్న నంబరు, తేదీ ముద్రించి ఉంటాయి. ఆ నంబరు మీ బుక్కులో రాయండి. మూడేళ్ళ తర్వాత ఆ గేదెకి పుట్టిన పడ్డకి సూది వేయించేటప్పుడు అదే నంబరు దున్న వీర్యం పడకుండా ఆపేది ఆ ఒక్క అంకె. మన దగ్గర కరీంనగర్, నంద్యాల, విశాఖపట్నం కేంద్రాల నుంచి స్ట్రాలు వస్తాయి, ఆ నంబరు దున్న తల్లి ఎన్ని పాలిచ్చిందో అడిగితే చెప్పాలి. ఊళ్ళో తిరిగే దున్నపోతుతో కట్టించడం ఆపండి, దాని తల్లెవరో ఎవరికీ తెలియదు, పైగా ఈసుడు రోగం ఉచితంగా పంచుతుంది.

పెయ్య దూడలే పుట్టే వీర్యం గురించి కూడా రాశారు. నూటికి 90 దాకా ఆడవే పుడతాయి, అది నిజం. కాకపోతే మామూలు వీర్యం కంటే కట్టు నిలిచే అవకాశం తక్కువ. బాగా పెరిగిన పడ్డకి, క్రమం తప్పకుండా ఎదకొచ్చే మంచి పాల గేదెకి వాడండి. మూడు నాలుగుసార్లు సూది వేయించినా చూడి నిలవని మీ రెండో గేదెకి వాడితే డబ్బు నేల మీద పోసినట్టే, దానికి ముందు డాక్టరు చెయ్యిపెట్టి గర్భసంచి చూడాలి.

ఇక మేత. మీరు వరిగడ్డి, తవుడు, కొంచెం పత్తి చెక్క అని రాశారు. ఎదకు రాకపోవడానికి సగం కారణం ఆ వాక్యంలోనే ఉంది. రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఒక్కో గేదెకి ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి, రెండు మూడు నెలలు ఆగితే తేడా కనిపిస్తుంది. రెండెకరాల్లో అరెకరం పశువులకు వదలండి. హైబ్రిడ్ నేపియర్, అంటే ఏపీబీఎన్-1 గానీ కో-4 గానీ నీళ్ళు పెట్టి మామూలుగా చూసుకున్నా ఎకరానికి ఏడాదికి 80 టన్నులు వస్తుంది, అరెకరంలో రోజుకి సుమారు 110 కిలోలు. నాలుగు గేదెలకి తలా 25 కిలోలు పోను ఇంకా మిగులుతుంది. ఒట్టి నేపియరే పెట్టకండి, దాంట్లోని ఆక్జాలేట్ సున్నాన్ని (కాల్షియాన్ని) పట్టేస్తుంది. నాలుగు సాళ్ళలో ఒకటి దశరథ గడ్డి (హెడ్జ్ లూసర్న్) వేసి కలిపి కత్తిరించి పెట్టండి, చూడి గొర్రెలకు కూడా అదే రెండు గుప్పిళ్ళు వేయొచ్చు. గేదె దాణా శరీర పోషణకి ఒక కిలో, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకి ఒక కిలో. అన్నిటికీ ఒకే తట్టతో పోయడం మానండి, ఎనిమిది లీటర్లదానికి చాలదు, రెండు లీటర్లది కొవ్వు పట్టి ఎదకు రాదు. వరిగడ్డి ఎలాగూ ఉంది కాబట్టి, 100 కిలోలకి 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి చల్లి, తొక్కి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి పెడితే పోషకం పెరుగుతుంది. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం పెట్టొద్దు. యూరియా కలిపిన నీళ్ళ బకెట్టు పశువుకి అందే చోట వదలొద్దు, చచ్చిపోతుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది దూడల విషయం. మాయ పడేదాకా జున్నుపాలు తాగించకూడదని ఇప్పటికీ ఆపుతున్నారు. మాయ ఎనిమిది గంటలకి పడొచ్చు, పన్నెండు గంటలకి పడొచ్చు, ఈలోగా దూడ పేగు ఆ పాలలోని రక్షణని పీల్చుకునే శక్తి గంట గంటకీ పోగొట్టుకుంటుంది. పుట్టిన గంటలోపు తాగించండి, రోజు మొత్తంలో దూడ బరువులో పదో వంతు. బొడ్డుకి అయోడిన్ పెట్టండి. పదో రోజుకల్లా ఏలికపాముల మందు తప్పనిసరి, గేదె దూడల్ని ఎక్కువగా చంపేవాటిలో అవీ ఉన్నాయి, తల్లి పాల ద్వారానే వస్తాయి. ఆడ దూడకి నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఈసుడు రోగం టీకా జన్మకొక్కసారి వేయించండి. మీ దగ్గర మంచి గేదెకి పుట్టిన పడ్డే రేపటి మీ హర్యానా గేదె, దాన్ని గడ్డిపోచల మీద వదిలేస్తే నాలుగేళ్ళు దాటినా ఈనదు. బాగా మేపితే మూడేళ్ళు, మూడున్నరేళ్ళకి పాలిస్తుంది. 300 కిలోలు దాటాక కట్టించొచ్చు. తూకం లేకపోతే టేపుతో రొమ్ము చుట్టుకొలత, భుజం నుంచి పిర్ర దాకా పొడవు అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 300తో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ 2.2తో భాగిస్తే కిలోలు. చుట్టుకొలత 66, పొడవు 48 ఉంటే సుమారు 317 కిలోలు, సిద్ధమైనట్టే.

ఇవన్నీ ఏడాదిన్నర చేశాక ఇంకా గేదె కొనాలనిపిస్తే అప్పుడు కొనండి. అమ్మేవాడు ముందు పూట పాలు ఆపి చూపిస్తాడు, అందుకే వరసగా మూడు పూటలు మీ కళ్ళముందు పిండించండి, మొదటి పూట లెక్కలో పెట్టొద్దు. నాలుగు చన్నుల ధారా సమానంగా ఉండాలి. రక్తపరీక్ష అయ్యాకే డబ్బివ్వండి. తెచ్చిన పశువు గొర్రె అయినా గేదె అయినా మూడు వారాలు వేరే పాకలో, వేరే నీళ్ళతొట్టితో ఉండాలి. 2017లో తెలంగాణలో 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు బయటి రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చిన గొర్రెలు దారి అలసటకి చాలాచోట్ల పోయాయి. తట్టుకున్నవాటిని దింపిన రోజే సొంత మందలో కలిపేస్తే పాతవాటికీ రోగం అంటుకునే ప్రమాదం ఉంటుంది. సబ్సిడీ వచ్చినా, మీ డబ్బే అయినా రోగానికి తేడా తెలియదు.

చివరిగా ఆ షెడ్డు. వద్దు. ఎత్తు మీద పలకల షెడ్డు, గొర్రెల్ని బయటికి వదలకుండా లోపలే మేపేవాళ్ళకి, వాన ఎక్కువ పడే చోట్లకి పనికొస్తుంది. మీవి పగలంతా బయట తిరిగేవి, పైగా రైతుల పొలాల్లో మంద పెడితే ఎరువు డబ్బులొస్తాయి. రాత్రికి ఒక్కో గొర్రెకి పది, పన్నెండు చదరపు అడుగుల చోటు, నీరు నిలవని మెరక నేల, వానకి తడవకుండా రేకు, కుక్కలు దూరకుండా కంచె ఉంటే చాలు. చిన్న పిల్లలకి ఒక మూల వేరే గది కట్టి అందులో దాణా తొట్టి పెట్టండి, తల్లులు దూరలేనంత సందు వదిలి. షెడ్డుకని దాచిన డబ్బులో కొంత తూకానికి, చెవి పోగులకి, అరెకరం నేపియర్ కణుపులకి పెట్టి మిగతాది బ్యాంకులోనే ఉంచండి. వచ్చే బక్రీద్‌కి దళారి ఆ 14.6 కిలోల పిల్లను అడిగినప్పుడు, డబ్బు అవసరం లేదు అని చెప్పగలిగేలా.